అమ్మిన కాగితం మీ పెట్టెలోకి ఎలా వచ్చింది?

మర్రిపాలెం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, సొంత పల్లె పేరు వేయొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను. ఆమెకు 49 ఏళ్ళు, తండ్రిగారికి 82. వాళ్ళది చోడవరం వైపు పల్లె, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. తండ్రిగారికి మూడేళ్ళప్పుడే ఆయన తాత, అంటే ఈమెకు ముత్తాత, పోయారు. పన్నెండెకరాలు దున్నిన రైతని ఇంట్లో చెప్పుకుంటారు. కొడుకుల చేతికి వచ్చింది ఎకరంన్నర. మిగతాది ఏమైందన్నదానికి మూడు కథలున్నాయి. పెదనాన్నగారి కథలో కోడిపందేలు, సారా. మేనత్తగారి కథలో ఆడపిల్ల పెళ్ళికి షావుకారు దగ్గర తాకట్టు, దాన్ని మింగేసిన వడ్డీ. మూడో కథలో ఆయన రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళిపోయారు, 1942లో నడిచి తిరిగొచ్చేసరికి భూమి చేతులు మారిపోయింది.

ట్రంకు పెట్టెలో మూడు కాగితాలు దొరికాయి. రెండు శిస్తు రసీదులు, ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) 1338, 1341వి. మూడోది పై అంచు చిరిగిపోయిన స్టాంపు కాగితం. అందులో "విక్రయ" అన్న మాట, ముత్తాత పేరు, "ధాత సంవత్సర మాఘ బహుళ" అన్న తేదీ మాత్రం ఆమె చదవగలిగారు. భూమి అమ్మేసిన దస్తావేజు ఇదేనని నిర్ణయానికొచ్చారు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినప్పటి నుంచి తండ్రిగారు "మా తాత సంగతి ఎవరైనా తెలుసుకోండర్రా" అంటున్నారట. ఈమె కదిలేసరికి పెదనాన్నగారి కొడుకులకు అనుమానం వచ్చింది. "ఇప్పుడెందుకు తవ్వడం, వాటా కోసమా?" అన్నారు. ఊళ్ళో ఆ పొలం ఇప్పుడు సాగు చేసుకుంటున్నవాళ్ళు గుమ్మంలోంచే పంపేశారు. గ్రామ సచివాలయంలో "కేసేమైనా ఉందా?" అని అడిగారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఇంతమంది నొచ్చుకుంటుంటే ఆపేయాలా, పెదనాన్న చెప్పిందే నిజమని తేలితే నాన్నకు చెప్పాలా అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ మూడు ప్రశ్నల కంటే ముందు మీరు అడగని ప్రశ్న ఒకటుంది. భూమి అమ్మినవాళ్ళు దస్తావేజు రాసి కొన్నవాళ్ళ చేతికిస్తారు. అది కొన్నవాళ్ళ ఇంట్లో ఉండాలి. మీ ముత్తాత అమ్మి ఉంటే ఆ కాగితం మీ ట్రంకు పెట్టెలో ఎందుకుంది?

దీనికి నాలుగు జవాబులు ఉండొచ్చు. మొదటిది, ఆయన అమ్మలేదు, కొన్నారు. రెండోది, గడువులోగా డబ్బు కడితే భూమి తిరిగిచ్చే షరతుతో రాసిన విక్రయం అది. ఆయన డబ్బు కట్టేశారు, కాగితం వెనక్కి వచ్చింది. అలాంటప్పుడు దస్తావేజు మీదో వెనకో చెల్లు రాసి సంతకం పెడతారు. మూడోది, ఒకప్పుడు కొన్న భూమిలో కొంత అమ్మి కొంత ఉంచుకున్నారు, అందుకే మూల దస్తావేజు ఇంట్లోనే ఉండిపోయింది. నాలుగోది, అది అసలు కాదు, తర్వాత ఎవరో రిజిస్ట్రారు ఆఫీసులో తీయించిన నకలు. నకలు మీద నకలని రాసి ఉంటుంది. రాసిచ్చినవాళ్ళ సంతకాలు కూడా ఒకే చేతిరాతలో ఎత్తి రాసినట్టు కనిపిస్తాయి.

ధాత మాఘ బహుళం అంటే 1937 ఫిబ్రవరి చివర, మార్చి మొదలు. అంతకుముందు వచ్చిన ధాత 1876–77. అది కరువు ఏడాది, మీ ముత్తాతకు చాలా ముందు. కాబట్టి ఇది 1937 కాగితమే. ధాన్యం ధరలు పడిపోయి జిల్లాలో రైతులు అప్పుల్లో మునిగిన సంవత్సరాలు అప్పుడప్పుడే గడుస్తున్నాయి. అలాంటప్పుడు ఆయన భూమి కొన్నారని తేలితే మీ ఇంట్లోని మూడు కథల్నీ మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి.

తేల్చుకోవడానికి ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. కాగితాన్ని పగటి వెలుతురులో బల్ల మీద పరవండి. ముందు చివరి పేజీ అడుగున చూడండి. రాసిచ్చినవాళ్ళ సంతకమో నిశానీయో (సంతకం రానివాళ్ళు పెట్టే గుర్తు) వేలిముద్రో అక్కడ ఉంటుంది. అది మీ ముత్తాతదైతే ఆయన అమ్మారు. వేరొకరిదైతే ఆయన కొన్నారు. ఆ పక్కన సాక్షుల పేర్లు, దస్తూరి, అంటే చేతిరాత, ఎవరిదన్నదీ ఉంటాయి. సాక్షులు మామూలుగా ఊరివాళ్ళే, చాలాసార్లు బంధువులు. ఆ పేర్లు మేనత్తగారికి చదివి వినిపిస్తే ఒకటో రెండో ఆవిడ గుర్తుపడతారు.

తర్వాత వెనక్కి తిప్పండి. స్టాంపు కాగితం వెనక, స్టాంపు అమ్మిన వెండరు రాసిన వరస ఉంటుంది, ఏ తేదీన ఎవరికి అమ్మాడని. స్టాంపు ఖర్చు మామూలుగా కొనేవాళ్ళది కాబట్టి అదొక ఆనవాలు. ఆ పక్కన సబ్‌రిజిస్ట్రారు రాతలుంటాయి. ఫలానా రోజు పగలు ఇన్ని గంటల మధ్య ఫలానా వ్యక్తి దాఖలు చేశాడు, రాసిచ్చినవాడు ఒప్పుకున్నాడు, ఇద్దరు గుర్తించారు, ఎడమ బొటనవేలి ముద్ర ఇది అని. అడుగున గుండ్రటి సీలు, 1వ పుస్తకం (స్థిరాస్తి దస్తావేజులు ఎత్తి రాసే పుస్తకం), ఇన్నో వాల్యూము, ఇన్నో పేజీలు, 1937లో ఇన్నో నంబరు. ఆ నంబరు, ఆఫీసు పేరు చదవగలిగితే మీ వెతుకులాట సగం తేలికైనట్టే. పై అంచు చిరిగితేనేం, పూర్తి పాఠం ఆ వాల్యూములో ఎత్తి రాసి ఉంటుంది.

ఈ కాగితం గురించి ఒక బతిమాలుకోలు. దయచేసి లామినేషన్ చేయించకండి. చిరుగుకు సెల్లోటేపు వేయకండి. టేపు జిగురు కొన్నేళ్ళలో పసుపుపచ్చగా మారి సిరాను లాగేస్తుంది, లామినేషన్ తర్వాత ఊడదు. మన విశాఖ గాలిలో తడి ఎక్కువ. ఇనప పెట్టెలోనే ఉంచితే తుప్పు మరకలు కాగితం మీదికి ఎక్కుతాయి. మడతలు నెమ్మదిగా విప్పి, ఉతికి ఆరబెట్టిన నూలుబట్టలో, అట్టపెట్టెలో పడుకోబెట్టి ఉంచండి. ముందూ వెనకా ఫొటోలు తీసి అన్నదమ్ముల పిల్లలందరికీ పంపండి. ఎందుకు అందరికీ అన్నది తర్వాత చెబుతాను.

రసీదుల సంగతి. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జులై నుంచి మరుసటి జూన్ దాకా లెక్క. కాబట్టి 1338 అంటే 1928–29, 1341 అంటే 1931–32. రసీదులో మొత్తం కంటే పట్టా నంబరు ముఖ్యం. రెండింట్లో ఒకే పట్టా నంబరు ఉండి, శిస్తు కూడా ఒకటే అయితే ఆ మూడేళ్ళలో భూమి తగ్గలేదని అర్థం. తగ్గితే ఎప్పుడు తగ్గిందో మీకు ఒక హద్దు దొరికినట్టు. రసీదు ఇచ్చింది ఎవరో కూడా చూడండి. సర్వసిద్ధి, గోల్గొండ తాలూకాలు, అంటే ఎలమంచిలి, నర్సీపట్నం వైపు, అప్పట్లో ప్రభుత్వ తాలూకాలు. చోడవరం వైపు జమీందారీ. అక్కడ రైతు శిస్తు కట్టింది ఎస్టేటుకు. 1908 ఎస్టేట్స్ లాండ్ చట్టం ప్రకారం పట్టా ఇచ్చింది ఎస్టేటు, ముచ్చిలికా (పట్టాకు బదులు ఒప్పందపత్రం) రాసిచ్చింది రైతు. అందుకని 1948కి ముందు మీ ముత్తాత పేరు ప్రభుత్వ లెక్కల్లో కనిపించకపోతే ఆయనకు భూమి లేదనుకోకండి. ఆ లెక్క ఎస్టేటు కచేరీలో ఉండేది. ఇది తెలియక చాలామంది మొదటి మెట్టు దగ్గరే వెనక్కి తిరుగుతారు.

ఇక వెతికే దారి. మనవాళ్ళకు పేరు పట్టుకుని వెతకడం అలవాటు. రైతు విషయంలో అది చేటు చేస్తుంది. మన వైపు ప్రతి ఊళ్ళోనూ ఇద్దరు అప్పలస్వాములు, ముగ్గురు సన్యాసులు ఉంటారు. తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి ఒకే ఇంట్లో అదే పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది. రాసేవాడు పేదరైతు పేరును "అప్పడు" అనీ, కాస్త కలిగినవాడి పేరును "అప్పలస్వామి" అనీ రాసేవాడు. ఒకే మనిషి రెండు కాగితాల్లో రెండు పేర్లతో ఉంటాడు. అందుకని నేలను పట్టుకుని వెళ్ళండి. నేల కదలదు. దాని హద్దులు, దాని నంబరు తరం నుంచి తరానికి ముడి వేస్తాయి.

నేలను పట్టుకోవడానికి నాన్నగారే ఆధారం. ఆయన్ని "ఏ సంవత్సరం?" అని అడగకండి. పొలాల పేర్లు అడగండి. ప్రతి చెక్కకూ ఇంట్లో ఒక పేరుండేది: చెరువు కింద మడి, గెడ్డవతల గరువు, తాటితోపు చెక్క, కళ్ళం దిబ్బ. ఏ పొలంలో వరి, ఏ గరువులో చోడి, ఏ గట్టు మీద ఎన్ని తాళ్ళు, కంబారి (పాలేరు) ఎవరు, పక్క పొలం ఎవరిది, నీళ్ళ దగ్గర ఎవరితో గొడవ. ఇవి పసితనంలో విన్నవైనా నిలిచి ఉంటాయి. తేదీలు కావాలంటే నలుగురికీ తెలిసిన ఘటనలకు ముడిపెట్టండి. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడ్డాయి. పట్నం జనం పల్లెలకు పరిగెత్తారు. ఆయన అప్పటికి పుట్టలేదు, కానీ "బాంబులప్పుడు తాత ఇంట్లో ఉన్నాడా?" అన్న మాట వాళ్ళమ్మ నోట విని ఉంటారు. గంటసేపు కూర్చోబెట్టకండి. రోజుకు పావుగంట, ఫోనులో రికార్డు చేస్తూ. మేనత్తగారిని విడిగా అడగండి. ఇద్దరినీ కలిపి కూర్చోబెడితే ఒకరి మాట వింటూ రెండోవారి జ్ఞాపకం మారిపోతుంది.

పొలం పేరు నుంచి సర్వే నంబరుకు వెళ్ళాలి. మీకు మిగిలిన ఎకరంన్నర ఉంది కదా, దాని పాస్‌బుక్కో 1-బి (భూమి హక్కుల రిజిస్టరు) నకలో తీసుకోండి. ఒకవేళ మీ ఊళ్ళో రీసర్వే పూర్తయి ఉంటే పాత సర్వే నంబరు పోయి, కొత్త భూఖండం నంబరు, అంటే ఎల్‌పీ నంబరు వచ్చి ఉంటుంది. కొత్త నంబరుకు పాత నంబరు ఏదో చూపే పట్టిక అడగండి. పాత నంబరు లేకుండా వెనక్కి ఒక్క అడుగు పడదు. ఇంకో చిక్కు, మీరు సొంత ఊరనుకునేది రెవెన్యూ గ్రామం కాకపోవచ్చు, శివారు కావచ్చు. లెక్కలన్నీ రెవెన్యూ గ్రామం పేరు మీదే ఉంటాయి. రసీదులో ఊరిపేరు మీకు కొత్తగా కనిపిస్తే కారణం అదే అయి ఉంటుంది.

అక్కడి నుంచి అడగాల్సిన ముఖ్యమైన కాగితం ఎస్‌ఎఫ్‌ఏ, అంటే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జమీందారీ గ్రామాల్లో సర్వే, సెటిల్‌మెంటు జరిగి తయారైన పుస్తకం అది. సర్వే నంబరు, సబ్‌డివిజన్, పాత పైమాషీ (వెనకటి కొలతల) నంబరు, విస్తీర్ణం, జిరాయితీయా (రైతు పట్టాభూమి) ఇనామా (మాన్యం) పోరంబోకా, పట్టాదారు పేరు, తండ్రి పేరు ఉంటాయి. మీ ముత్తాత 1946 ప్రాంతంలో పోయారు కాబట్టి అందులో ఆయన పేరు కాక కొడుకుల పేర్లు రావాలి. మీ ఎకరంన్నర ఉన్న సర్వే నంబరు మొత్తం పేజీ అడగండి, మీ ముక్క ఒక్కటే కాదు. 45/1, 45/2, 45/3 అని ముక్కలై, ఒకదాంట్లో మీ తాతగారు, పక్కదాంట్లో ఆయన అన్నదమ్ములు, మూడోదాంట్లో ఇప్పుడు సాగు చేసుకుంటున్నవాళ్ళ పెద్దలు కనిపిస్తే, ఒకప్పుడు ఆ మొత్తం ఒకే చెక్క అయ్యుండొచ్చని అనుమానించాలి. సర్వే విభాగంలో ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) పటం తీసుకుంటే గట్లు ఎలా చీలాయో కంటికి కనిపిస్తుంది. మీ పన్నెండెకరాల మాట ఎంతవరకు నిజమో కూడా ఇక్కడే తేలుతుంది. వెనకటివాళ్ళు విత్తనం కొలతతో, కుంచాల లెక్కన, నేలను చెప్పుకునేవారు. దాన్ని తర్వాతివాళ్ళు ఎకరాలుగా మార్చి చెప్పడంలో పెరుగుతుంది. కౌలుకు చేసిన భూమినీ సొంతంలో కలిపేసుకోవడం మామూలే.

ఎస్‌ఎఫ్‌ఏ నకలు తహసీల్దారు కార్యాలయంలో అడగండి. అక్కడ లేదంటే కలెక్టరేటు రికార్డు రూములో. జిల్లా 2022 ఏప్రిల్ 4న చీలింది కాబట్టి అనకాపల్లి, విశాఖపట్నం రెండుచోట్లా అడగాలి. ఒకచోట "లేదు" అంటే అసలు లేదని కాదు. "కేసేమైనా ఉందా?" అన్నవారికి "లేదండి, వంశ వివరాల కోసం పాత నకలు కావాలి" అని నెమ్మదిగా చెప్పి, రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా "మా ముత్తాత భూమి వివరాలు కావాలి" అంటే ఎవరూ వెతకరు. గ్రామం, పాత సర్వే నంబరు, ఫలానా రిజిస్టరు, ధ్రువీకరించిన నకలు అని రాయాలి. కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. రికార్డు దొరకలేదంటే ఆ మాటే రాసి ఇమ్మనండి, రెండో ఆఫీసులో అది పనికొస్తుంది.

1984లో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు ఊరి లెక్కలు చేతులు మారి, దారిలో చాలా పోయాయి. పాత కరణంగారి ఇంట్లో మనవలెవరైనా ఉంటే ఒకసారి మర్యాదగా కలవండి. అటక మీద పాత లెక్కల ప్రతులు ఉండిపోయిన ఇళ్ళు లేకపోలేదు. అవి కోర్టుకు పనికిరాకపోవచ్చు, మీకు పనికొస్తాయి.

ఇక భూమి ఎందుకు పోయింది అన్నది. దీనికి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు తప్ప వేరే దారి లేదు. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) 1983 నుంచే వస్తుంది, మీకు అక్కర్లేదు. చేత్తో రాసిన ఇండెక్సులు చూడాలి. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్ల వరుసలో, రెండోది ఊళ్ళ వరుసలో. 1వ పుస్తకాన్నీ దాని ఇండెక్సులనూ రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. ఇది రిజిస్ట్రేషన్ చట్టం ఇచ్చిన హక్కు, ఎవరి దయా కాదు. పేర్ల ఇండెక్సులో ఇంటిపేరు అక్షరం కింద, సొంత పేరు అక్షరం కింద రెండుచోట్లా చూడండి. అంతకంటే రెండో ఇండెక్సులో మీ రెవెన్యూ గ్రామం పట్టుకుని 1928 నుంచి 1948 దాకా చూడటం మేలు. ఇరవై ఏళ్ళు, ఒకే ఊరు. ఒకటి రెండు రోజుల పని.

దొరికిన ప్రతి దస్తావేజులో రెండు చోట్ల ఆగి చదవండి. ఒకటి హద్దులు. తూర్పున ఫలానావారి పొలం అన్నచోట ఆయన అన్నదమ్ముడి పేరు వస్తే మీ మనిషే. రెండోది ప్రతిఫలం. మొత్తం ఎంత అన్నది కాదు, అది ఎలా ముట్టిందని రాశారో చూడాలి. "లోగడ మీకు వ్రాసి యిచ్చిన తనఖా బాకీ కింద యింత మినహాయించుకుని, ఫలానావారికి ప్రోనోటు బాకీ కింద యింత చెల్లించేటట్టు, రొక్కం యింత" అని విడివిడిగా రాస్తారు. ఆ నాలుగు వరుసల్లో ఆయన అప్పుల చరిత్ర ఉంటుంది. తనఖా తేదీ చూసి, దాని నకలూ తీయండి. అందులో "నా కుమార్తె వివాహ నిమిత్తం" అనో "యెడ్ల కొనుగోలుకు" అనో "శిస్తు బాకీకి" అనో కారణం రాసే అవకాశం ఉంది. మేనత్తగారి కథ నిలబడేదీ పడేదీ అక్కడే.

వేలం జరిగి ఉంటే అది కూడా ఇక్కడే కనిపిస్తుంది. కోర్టు వేలంలో భూమి అమ్ముడైతే ఆ సర్టిఫికెట్ నకలు సబ్‌రిజిస్ట్రారుకు పంపుతారు, 1వ పుస్తకంలో చేరుతుంది. అందులో దావా నంబరు, కోర్టు పేరు ఉంటాయి. తేదీని మాత్రం జాగ్రత్తగా చూడండి. 1938లో మద్రాసు ప్రభుత్వం రైతు రుణ ఉపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ ఆ చట్టంతో రద్దయింది. మీ ముత్తాత భూమి 1935లోనో 36లోనో పోయి ఉంటే, ఆ ఊరటకు రెండు మూడేళ్ళు ముందు పోయినట్టు. అలా పోగొట్టుకున్నవాళ్ళు ఆయన ఒక్కరే కాదు.

ఇండెక్సులో ఏమీ కనిపించకపోతే? వంద రూపాయల లోపు అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్వాధీనం చేస్తే చాలు. చిన్న చెక్కలు అలా కాగితం లేకుండానే మారాయి. అన్నదమ్ముల పంపకాలు కూడా చాలావరకు నోటిమాటగానే. కాబట్టి ఖాళీ ఇండెక్సు ఏ కథకూ రుజువు కాదు.

రంగం కథ మీద డబ్బు ఖర్చు పెట్టకండి. నేటాలు (దక్షిణాఫ్రికా), ఫిజీ, మారిషస్‌లకు ఒప్పందం మీద వెళ్ళిన కూలీలకు పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీద మచ్చలతో సహా పాసులు రాశారు, చాలావరకు మిగిలాయి. రంగం వెళ్ళినవాళ్ళు మేస్త్రీల దగ్గర బయానా తీసుకుని ఓడెక్కినవాళ్ళు, వాళ్ళకు అలాంటి పాసుల్లేవు. కానీ ఆ కథను ఇంకోరకంగా పరీక్షించొచ్చు. రిజిస్ట్రారు ముందు వేలిముద్ర వేసిన రోజున ఆయన ఇక్కడ ఉన్నట్టే. 1939, 40, 41లో ఆయన వేలిముద్ర ఉన్న దస్తావేజులు కనిపిస్తే, 1942లో నడిచొచ్చింది ఆయన కాకపోవచ్చు, తమ్ముడో మేనల్లుడో అయ్యుండొచ్చు. కుటుంబాల్లో ఒకరి కథ ఇంకొకరికి అంటుకుంటుంది.

ఆయన పోయిన తేదీకి, ఆ రోజుల్లో పల్లెల్లో చావుపుట్టుకల లెక్క గ్రామ మునసబు రాసి తాలూకాకు పంపేవాడు. తహసీల్దారు కార్యాలయంలో 1945, 46, 47 రిజిస్టర్లు అడగండి. ఇంట్లో ఆబ్దికం పెట్టే తిథి తెలిస్తే పాత పంచాంగంతో ఆ మూడేళ్ళలో మూడు తేదీలు వస్తాయి, వెతకడం సులువు. తిథి పట్టించుకోకుండా సంక్రాంతినాడు పెద్దలకు పెట్టుకునే ఇల్లయితే ఈ దారి లేదు. జనాభా లెక్కల కాగితాల కోసం మాత్రం తిరగకండి, మనుషుల పేర్లున్న చీటీలు ఉంచరు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మీ ముందు మూడు దారులున్నాయి.

ఎవరికీ చెప్పకుండా మీ పని మీరు చేసుకోవచ్చు. పైన చెప్పినవాటిలో చాలావాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ మీరు దరఖాస్తు పెట్టిన సాయంత్రానికి ఊళ్ళో తెలుస్తుంది. చాటుగా చేస్తున్నారంటే "వాటా కోసమే" అన్న మాట గట్టిపడుతుంది. మేనత్తగారి నోరు కూడా మూతపడొచ్చు, ఆ నష్టం పూడ్చలేరు.

ముందే అందరికీ చెప్పి చేయొచ్చు. పెదనాన్నగారి దగ్గరికి మీరు ఒక్కరే కాక నాన్నగారితో కలిసి వెళ్ళండి. తొంభై ఏళ్ళనాటి అమ్మకాన్ని ఇప్పుడు తిరగదోడటం కుదరదని, స్వాధీనం కోసం దావాకు సాధారణంగా 12 ఏళ్ళే గడువని చెప్పండి. తీసిన ప్రతి నకలు ఫొటో వాళ్ళకూ పంపుతానని మాటివ్వండి. పెట్టెలో కాగితాల ఫొటోలు అందరికీ పంపమన్నది ఇందుకే. దాచనిదాని మీద అనుమానం ఎక్కువ కాలం నిలవదు. అయినా ఒకరిద్దరు ఒప్పుకోకపోవచ్చు. ఒక జాగ్రత్త: "నమ్మకం కోసం" అంటూ ఎవరైనా హక్కు విడుదల కాగితం మీద సంతకం అడిగితే వకీలుకు చూపకుండా పెట్టకండి. పాత భూమి సంగతేమో గానీ, నాన్నగారికి ఇప్పుడున్న ఎకరంన్నరలో వాటా, ఇంటిస్థలం అందులో కొట్టుకుపోగలవు.

లేదా ఆపేయొచ్చు. ఆపినా కాగితాలు ఎక్కడికీ పోవు, పదేళ్ళ తర్వాతైనా వాల్యూములు చూడొచ్చు. 82 ఏళ్ళ ఆయన జ్ఞాపకం, మేనత్తగారి జ్ఞాపకం అలా ఉండవు. కాబట్టి ఆఫీసుల పని ఆపినా వాళ్ళిద్దరి మాటలు రికార్డు చేయడం మాత్రం ఆపకండి. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

నాకు రెండో దారి మీద మొగ్గు. అయితే మీ ఇంటి గాలి మీకు తెలిసినంత నాకు తెలియదు. పొలం ఇప్పుడు చేసుకుంటున్నవాళ్ళ జోలికి ప్రస్తుతానికి వెళ్ళకండి. వాళ్ళ దగ్గరున్న దస్తావేజుల పాఠం సబ్‌రిజిస్ట్రారు వాల్యూములో ఉంది. కాగితాలు చేతబట్టుకుని గుమ్మంలోకి వచ్చిన కొత్త మనిషిని చూస్తే ఏ రైతుకైనా గుండె జారుతుంది, వాళ్ళను తప్పుపట్టలేం. తర్వాతెప్పుడైనా ఊరి పెద్దమనిషి వెంట ఉత్త చేతులతో వెళ్ళండి.

మూడో ప్రశ్న. కోడిపందేలు, సారా ఏ రిజిస్టరులోనూ ఉండవు. మీకు దొరికేది అప్పు, దాని తేదీ, రాసిన కారణం. పెదనాన్నగారి కథను కాగితాలు నిరూపించలేవు, పూర్తిగా కొట్టేయనూ లేవు. నాన్నగారికి తీర్పులా చెప్పకుండా దొరికింది దొరికినట్టు చదివి వినిపించండి. "1931లో ఇంత అప్పు, 34లో తిరగరాశారు, 36లో చెరువు కింద మడి ఇచ్చేశారు" అన్నట్టు. ఆ మడి పేరు వింటే ఆయనకు ఇంకేదో గుర్తుకు రావచ్చు, అది కూడా రికార్డు చేయండి. నిజంగానే నొప్పించే విషయం దొరికితే, తెలుసుకోవాలని అడిగింది ఆయనేనని గుర్తుంచుకోండి. ఎంత చెప్పాలన్నది ఆయన ఆరోగ్యం చూసి మీరు, మీ అమ్మగారు కలిసి అనుకోండి.

ఈ ఆదివారం చేయాల్సింది ఒక్కటే. ఆ స్టాంపు కాగితం వెనకవైపు తిప్పి, భూతద్దం పెట్టి, దాఖలు చేసింది ఎవరో చదవండి. కొన్నది మీ ముత్తాతే అయినా, దాఖలు చేసింది ఆయనైతే ఆయన సంతకమో బొటనవేలి ముద్రో అక్కడ ఉంటుంది. ఉంటే కాగితాన్ని నాన్నగారి చేతికివ్వండి.